తాళము వేసిన బీరువా

మన పట్టణములలోగాని పల్లెలలోగాని ఒక ఉన్నత పాఠశాలకు పోయి చూడుడు. ప్రధానోపాధ్యాయుని గది ప్రక్కనో, మెట్ల క్రిందనో ఒక ఇనుప బీరువా కనబడును. దానిలో గాజు గొట్టములు, ద్రావకముల సీసాలు, సారాదీపము, లిట్మసు కాగితములు, ప్రభుత్వమువారు పంపిన ప్రయోగపు పెట్టె ఉండును. దానికి తాళము ఉండును. తాళపుచెవి ఎవరియొద్ద నున్నదో విచారించి తెలిసికొనవలసి యుండును. ఆ బీరువాకు నాలుగు గజముల దూరమున, గోడకు ఆవలి తరగతిలో, నలుబదిమంది బాలబాలికలు నీలి లిట్మసు ఆమ్లములో ఎఱ్ఱబడునని వల్లించుచుందురు. నాలుగు గజముల దూరమున నున్న సత్యమును చూడనీయక, దానిని గూర్చిన మాటలను మాత్రము కంఠస్థము చేయించు చదువునకు మనము శాస్త్రవిద్య యని పేరు పెట్టుకొన్నాము. ఆ పేరు దీనికి తగదని చెప్పుటకే నేడు కలము పట్టితిమి.

బీరువాయే లేని బడులు కలవు, వానికై విచారించుచున్నాము. బీరువా తెఱచి పిల్లల చేతికిచ్చు ఉపాధ్యాయులును కలరు, వారికి నమస్కరించుచున్నాము. మా వివాదము తాళముతో.

మేము న్యాయస్థానమున వృత్తి చేయువారము. అచ్చట తొలి దినములలోనే నేర్చుకొను నియమమొకటి కలదు. కన్నవాడు తాను కన్నదానిని తానే వచ్చి చెప్పవలెను. 'ఫలానావాడు చూచెనట, నాతో ననెను' అను మాట సామాన్యముగా సాక్ష్యము కానేరదు. 1872 నాటి సాక్ష్యచట్టము ఈ నియమమునే విధించెను. దాని స్థానమున 2024 జులై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమును దీనినే నిలుపుకొన్నది. ఐదువందల రూపాయల బాకీ దావాలోనైనను వినికిడి మాటను చెల్లనీయని దేశము, ప్రకృతి ధర్మములను గూర్చి మాత్రము తన బిడ్డలకు వినికిడి మాటనే దినదినమును వడ్డించుచున్నది! ఉపాధ్యాయుడు పుస్తకమునుండి వినెను. ఆ పుస్తకము మఱియొక పుస్తకమునుండి వినెను. బాలుడు ఉపాధ్యాయునినుండి వినెను. చూచినవా డెవడు? ఎవడును లేడు. ఈ సాక్ష్యముమీదనే ప్రథమశ్రేణి తీర్పులు వెలువడుచున్నవి.

ఇందులకు దృష్టాంతముగా మా యనుభవమునే చెప్పెదము. ఇంటర్మీడియటు రెండవ సంవత్సరమున లవణ విశ్లేషణ పరీక్షకు కూర్చుంటిమి. ఆ కళాశాల పేరు ఇచ్చట అనవసరము. రెండేండ్లలో ప్రయోగశాలలో అడుగుపెట్టినది నాలుగైదు పర్యాయములు మాత్రమే. రికార్డు పుస్తకము మాత్రము పై తరగతి విద్యార్థి పుస్తకమును ముందు పెట్టుకొని పూర్తిగా నకలు వ్రాసితిమి. నైట్రేటు పరీక్షలో ఏర్పడు గోధుమవన్నె వలయమును రంగు పెన్సిలుతో అందముగా గీసితిమి. కంటితో చూచి యెఱుగము. పరీక్షనాడు ప్రయోగశాల సహాయకుడు మా బల్ల ప్రక్కగా పోవుచు ఒక చీటి జారవిడిచెను. అందు లవణము పేరుండెను. ముందు జవాబు తెలిసినది. పిదప ఆ జవాబునకు తగిన పరిశీలనలను కల్పించి వ్రాసితిమి. మార్కులు నిండుగా వచ్చెను. నాడు సంతోషించితిమి, నేడు సిగ్గుపడుచున్నాము. తీర్పును ముందు వ్రాసికొని సాక్ష్యమును తరువాత పుట్టించుటకు న్యాయస్థానమున ఏమి పేరో మేమెఱుగుదుము. ఆ సహాయకుని నిందింపము. అతడు ఒక ఏర్పాటునకు చివరి యంచుననున్న చేయి మాత్రమే. ఆ ఏర్పాటును నిందించుచున్నాము.

ఆ ఏర్పాటులో ప్రధానముగ మూడు దోషములు కలవు.

మొదటిది సరుకుల పట్టీ. పాఠశాలకు వచ్చిన ప్రతి గాజు గొట్టమును ఆ పట్టీ కెక్కును. పగిలినదానికి సంజాయిషీ వ్రాయవలసినవాడు ఉపాధ్యాయుడు. తనిఖీనాడు లెక్క యప్పగింపవలసినవాడును అతడే. బీరువా తెఱవని ఉపాధ్యాయుని అడుగువాడు లేడు. తెఱచి రెండు గొట్టములు పగులగొట్టించినవానికి కాగితములు వచ్చును. ఇట్టి స్థితిలో వివేకవంతుడేమి చేయును? తాళము వేయును. పలకపగిలినందుకు అక్షరాభ్యాసము మానిపించు తండ్రి యుండునా? గాజు వాడుకలో పగులుట సహజము. పగులని గాజు వాడని గాజు. సంవత్సరాంతమున ఒక్క గొట్టమైనను పగులని పాఠశాలనే సంజాయిషీ యడుగవలెనని మా యభిప్రాయము.

రెండవది ధనము. పెట్టె నొకసారి యిచ్చుట సుకరము. ప్రతియేటను దానిని నింపుట దుష్కరము. రసాయన ప్రయోగపు పెట్టె బల్లవంటిది కాదు, వంటయింటి డబ్బావంటిది, వాడినకొలది తఱుగును. 2018లో ఆరంభమైన సమగ్ర శిక్షా పథకములో ఒక్కొక్క పాఠశాలకు పిల్లల సంఖ్యను బట్టి ఏటేట ఇచ్చు సంయుక్త గ్రాంటు కలదు. 2021 నాటి సవరణ ప్రకారము అది 10 వేలనుండి లక్ష రూపాయలవఱకు నుండును. ఆ యొక్క మూటలోనుండియే విద్యుత్తు, నీరు, ఇంటర్నెట్టు, ఆటవస్తువులు, బోధనోపకరణములు, పాడైన పరికరముల మార్పు, ప్రయోగశాల ఖర్చు అన్నియు జరుగవలెను. విద్యుత్తు బాకీ చెల్లింపకున్న దీపము లాఱిపోవును, అందఱు చూతురు. లిట్మసు కొనకున్న ఏది ఆఱును? బాలుని కుతూహలము. అది ఆఱుట ఎవరికిని కానరాదు.

మూడవది పరీక్ష. ఉభయ తెలుగు రాష్ట్రములలో ఏండ్ల తరబడి ఇంటర్మీడియటు రసాయన ప్రయోగ పరీక్షకు 30 మార్కులుండెను. అవి యెట్లు పంచబడునో తల్లిదండ్రులును ఎఱుగుదురు. ఇక ఇంజనీరింగు, వైద్య కళాశాలల ప్రవేశపరీక్షలలో చేతికి పనియే లేదు. జేఈఈ మెయిన్ పాఠ్యప్రణాళికలో ప్రాయోగిక రసాయనమునకు సంబంధించిన సూత్రములని యొక యధ్యాయము కలదు. దానిని గూడ కాగితము చదివి జవాబు గుర్తించియే దాటవలెను! ఈత సూత్రములను బల్లమీద కూర్చుండబెట్టి పరీక్షించినట్లున్నది. కోచింగు వ్యాపారులు దీనిని చక్కగా గ్రహించిరి. పరీక్షనాళిక పట్టించుటకు గంట కాలము పట్టును. ఆ గంటలో అఱువది ప్రశ్నలకు జవాబులు గుర్తింపించవచ్చును. వారి లెక్కలో తప్పు లేదు. అట్టి లెక్కను లాభదాయకము చేసిన మనలోనే తప్పున్నది.

పోనిండు, ఇంతకును ఈ శాస్త్రమును చేతికిచ్చుటకు ఎంత సామగ్రి కావలెను? ఇచ్చటనే మనవారు మోసపోవుచున్నారు. రసాయన ప్రయోగ మనగానే పాలఱాతి బల్లలు, గ్యాసు గొట్టములు, విదేశపు తూనికయంత్రములు కన్నులకు కట్టును. అవి లేవు గనుక ప్రయోగము లేదని సమాధానము చెప్పుకొందురు. తెలుగువారి యింట పెండ్లికూతురికి దిష్టి తీయు ఎఱ్ఱనీళ్లను చూడనివారెవరు? ఆ నీళ్లలో ఎఱ్ఱరంగు పోసినవారు లేరు. పసుపు నీటిలో సున్నము కలిపిరి, అది యెఱ్ఱబడెను. దానిలో నిమ్మకాయ పిండిన మరల పసుపువన్నె వచ్చును. క్షారము, ఆమ్లము, సూచకము అను మూడు మాటల యర్థము ఆ పళ్లెములోనే యున్నది. మన అవ్వలకు ఈ ప్రయోగము వచ్చును. మన పదవ తరగతి విద్యార్థికి దాని సమీకరణము వచ్చును. ఆ రెండును ఒకటేయని చెప్పువాడు మాత్రము కఱవైనాడు.

మన భాషలోనే ఒక రసాయనశాల కలదు. పటిక, నవాసారము, సురేకారము, వెలిగారము, గంధకము, అన్నభేది, మైలుతుత్తము, చౌడు, సున్నము, కర్పూరము — ఇవి ఏ విదేశీయ కంపెనీ జాబితాలోని పేర్లు కావు. పచారీ కొట్టులోను, మందుల దినుసుల అంగడిలోను మన తాతలు అడిగి కొన్న సరకులు. నవాసారమును నీటిలో కలిపిన గిన్నె చల్లబడును. కాల్చిన సున్నముపై నీరు పోసిన గిన్నె కాగును. కలయికలో ఒకచోట వేడిమి లోనికి పోవునని, ఒకచోట వెలికి వచ్చునని బాలుని అఱచేయియే చెప్పును. నవాసారమును తడి సున్నముతో నూరిన ముక్కు పగులు ఘాటు వాయువు పుట్టును, తడిపిన పసుపు కాగితమును దానికి చూపిన ఎఱ్ఱబడును, అది అమ్మోనియా. మైలుతుత్తపు నీలి నీటిలో ఇనుప మేకు నుంచిన కొంతసేపటికి మేకుపై రాగి పేరుకొనును, నీలివన్నె వెలవెలబోవును. మందారపు రేకుల రసము నిమ్మరసములో ఎఱుపెక్కును, సబ్బునీటిలో ఆకుపచ్చనగును. ఈ పదార్థములకై జిల్లా కేంద్రమునకు అర్జీ పెట్టనక్కఱలేదు.

పాత్రలు కావలెనా? మాత్రలు తిని పారవేసిన అట్టల గుంటలు కలవు. కంటిమందు సీసాల చుక్కగొట్టములు కలవు. సూది తీసిన క్రొత్త సిరంజీలు కలవు. చుక్కలతో చేయు రసాయనము పిల్లలాట కాదు. ప్రపంచమంతట అంగీకృతమైన పద్ధతి. దీనిని సూక్ష్మపరిమాణ రసాయనమందురు. దక్షిణాఫ్రికాలో, జొహానెస్‌బర్గు నగరమునందలి విట్‌వాటర్స్‌రాండ్ విశ్వవిద్యాలయమున రాడ్మాస్టే కేంద్రమువారు అఱచేతిలో నిమిడెడి పెట్టెలను తయారుచేసిరి. యునెస్కో వానిని అనేక దేశములకు పరిచయము చేసినది. మన దేశముననే జాతీయ విద్యా పరిశోధన శిక్షణ మండలి, అనగా ఎన్.సి.ఇ.ఆర్.టి., సూక్ష్మపరిమాణ రసాయన ప్రయోగశాల పెట్టెను రూపొందించినది. మన కళాశాలలలో అంశమాపనమునకు 20 మిల్లీలీటర్ల ద్రావణమును కొలిచి తీయుదురు. ఈ పద్ధతిలో ఒకటి రెండు మిల్లీలీటర్లు చాలును. ఇరువది చుక్కలు చేరిన ఇంచుమించు ఒక మిల్లీలీటరు. ఖర్చు తగ్గును, వ్యర్థము తగ్గును, అపాయము తగ్గును. అన్నిటికంటె మించి, ఒక్క బల్ల చుట్టు పదిమంది మెడలు చాచి చూచుట పోయి, ఎవరి గుంటలో వారు తామే చేయుదురు.

యుద్ధములో బడులు నేలమట్టమైన దేశముల శాస్త్రోపాధ్యాయులకై యునెస్కో 1948లో ఒక చిన్న పుస్తకమును ప్రచురించినది. డబ్బాలతో, సీసాలతో, తీగలతో పరికరములు చేసికొనుట యెట్లో అందు చెప్పిరి. దానినుండియే 1956 నాటి పెద్ద ఆకరగ్రంథము పుట్టినది. కూలిన గోడల నడుమ వారు ప్రయోగములు చేయ నేర్చిరి. నిలిచిన గోడల నడుమ మనము తాళము వేయ నేర్చితిమి.

ఇది మన దేశమున సాగదని పలుకువారికి హోషంగాబాదును చూపెదము. మధ్యప్రదేశమున, 2022నుండి నర్మదాపురమని పిలువబడుచున్న ఆ జిల్లాలో, 1972లో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అను రెండు సంస్థలు 16 మాధ్యమిక పాఠశాలలలో ప్రయోగముద్వారా శాస్త్రబోధన నారంభించెను. 1978లో అది జిల్లాయందలి మాధ్యమిక పాఠశాలలన్నిటికి వ్యాపించినది. 1982లో ఏకలవ్య సంస్థ ఆ భారము నెత్తుకొన్నది. అచ్చటి 'బాల్ వైజ్ఞానిక్' పుస్తకము జవాబులను ముందుగా చెప్పదు, చేసి చూడుమనును. ప్రతి పాఠశాలకు ప్రయోగపు పెట్టె యిచ్చిరి. తఱిగినదానిని నింపుటకు ఏర్పాటు చేసిరి. ఉపాధ్యాయులకు శిక్షణ యిచ్చి, నెలనెల సమావేశపఱచి వారి సందేహములు వినిరి. ఎనిమిదవ తరగతి పరీక్షలో పుస్తకము తెఱచి వ్రాయనిచ్చిరి. చేతితో ప్రయోగము చేయించి మార్కులిచ్చిరి. పెట్టె, నింపుడు, ఉపాధ్యాయుడు, పరీక్ష — ఈ నాలుగు కాళ్లమీద ఆ మంచము ముప్పది యేండ్లు నిలిచినది. 2002లో రాష్ట్ర ప్రభుత్వము ఒక్క నిర్ణయముతో దానిని మూసివేసినది. శాస్త్రవేత్తలును విద్యావేత్తలును మొఱపెట్టిరి, ప్రయోజనము లేకపోయెను. మనము గ్రహింపవలసిన పాఠములు రెండు. పేద జిల్లా సాధారణ పాఠశాలలో ఇది సాధ్యము. ప్రజలు కాపాడుకొననిచో ఎంత మంచి పనియైనను ఒక్క ఉత్తరువునకు బలియగును.

ఇక ఆక్షేపణలను విచారింతము.

ఆమ్లములు ప్రమాదకరములని కొందఱందురు. నిజము. గాఢ గంధకికామ్లమును పిల్లలకిమ్మని మేమనము. పాదరసమును బడిలో నుంచనే రాదు. కాల్చిన సున్నము, మైలుతుత్తము ఉపాధ్యాయుని కన్నెదుటనే వాడవలెను. కంటికి అద్దములు, చేతి దగ్గఱ నీరు ఉండవలెను. కాని ఆ బాలుడే యింట మరుగుదొడ్డి కడుగు ఆమ్లపు సీసాను దినమును చూచుచున్నాడు. దానిని బ్లీచింగు పొడితో కలిపిన ప్రాణాపాయకరమైన క్లోరిను వాయువు పుట్టునని వానికి ఎవరు చెప్పిరి? ప్రమాదము ప్రయోగములో లేదు, అజ్ఞానములో నున్నది. నీటికి భయపడి ఈత నేర్పనివాని బిడ్డయే చెఱువులో మునుగును.

తెరమీద చూపిన చాలదా యని మఱికొందఱు. గోడలకు తెరలు వచ్చినవి. వానిమీద బొమ్మలు కదలును, రంగులు మాఱును. అవి యుపాధ్యాయునికి సహాయము చేయును, కాదనము. కాని తెరమీది ప్రయోగము ఎన్నడును తప్పిపోదు. అదియే దాని దోషము. మా పఠనమందిరమున ఆదివారములలో స్వచ్ఛందసేవకులముగా పిల్లలచేత ప్రయోగములు చేయించుచుందుము. ఒకనాడు 9 వోల్టుల బ్యాటరీతో, పెన్సిలు లోపలి నల్లని పుల్లలతో, చిటికెడు బట్టల సోడా వేసిన నీటిని విడదీయించితిమి. ఉదజని రెండు పాళ్లు, ప్రాణవాయువు ఒక పాలు రావలెనని పుస్తకము. ఒక బాలిక కొలిచి చూచి, 'అయ్యా, ప్రాణవాయువు సగమైనా రాలేదు, పుస్తకం తప్పా?' అని యడిగినది. పుస్తకము తప్పు కాదు. వాయువులో కొంత నీటిలో కఱగినది, కొంత పుల్లలోని బొగ్గుతో కలిసినది. అది తెలిసికొనుటకు మాకందఱకు ఆ పూటంతయు పట్టినది. తెర ఆ ప్రశ్నను పుట్టింపజాలదు. తెరమీద రెండునొకటియే వచ్చును. ఆ పూట ఆ బాలిక నేర్చినది నీటి సూత్రముకాదు, పుస్తకమును నిలువదీసి అడుగు ధైర్యము.

ఈ ధైర్యము రాజ్యాంగమునకు సంబంధించిన వస్తువు. 1976 నాటి 42వ సవరణతో చేరిన 51ఎ అధికరణము శాస్త్రీయ దృక్పథమును పెంపొందించుకొనుట పౌరుని విధులలో నొకటిగా చేసినది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 29వ విభాగము, కృత్యములద్వారా, అన్వేషణద్వారా పిల్లలు నేర్చుకొనవలెనని పాఠ్యప్రణాళికకు నిబంధన విధించినది. ఎనిమిదవ తరగతివఱకు ఇది వేడుకోలు కాదు, చట్టము. తాళము వేసిన బీరువా ఈ చట్టమునకు విరుద్ధముగ నిలిచిన సాక్ష్యవస్తువు.

మనవారు సభలలో నాగార్జునుని పేరెత్తి ఉప్పొంగుదురు. ప్రాచీనులకు సర్వము తెలియునందురు. ఆ ప్రాచీనులనే సాక్షులుగా పిలుతము. రసేంద్ర చింతామణి యను రసగ్రంథమును చూడుడు: తాను బోధించినదానిని చేసి చూపలేనివానిని ఆ గ్రంథకర్త గురువుగా నొప్పుకొనలేదు, నేర్చినదానిని చేయలేనివానిని శిష్యుడుగా నొప్పుకొనలేదు. ఈ సంగతిని లోకమునకు తెలిపినవాడు ఆచార్య ప్రఫుల్లచంద్ర రాయి. 1902, 1909 సంవత్సరములలో రెండు సంపుటములుగా వెలువడిన తన హిందూ రసాయన చరిత్రలో ఆయన మఱియొక చేదు నిజమును గూడ చెప్పెను: కులభేదములచేత చేతిపనిని నీచమని త్రోసి, బుద్ధిని చేతినుండి వేఱుచేసిననాడే మన శాస్త్రము క్షీణించెను. ఆయన చెప్పి యూరకుండలేదు. 1892లో అద్దె యింటిలో చిన్న మొత్తముతో బెంగాల్ కెమికల్ కార్ఖానాకు పునాది వేసెను. మన బీరువాకు వేసిన తాళము ఆ పాత జాడ్యమే. చేయి మురికియగుట చిన్నతనమని మనస్సులో నున్నంతకాలము తాళము ఊడదు. 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించి శాస్త్రమును తెలుగులో వ్రాయించినవారు, 1910లో బందరున ఆంధ్ర జాతీయ కళాశాలను నిలిపి చదువుతోపాటు చేతిపనులు నేర్పించినవారు మన పూర్వులు. ఆ వారసత్వమును సభలలో వర్ణించుట చాలు; ఆచరింతము.

మేము ప్రభుత్వములను కోరునవి నాలుగే. ప్రయోగ పదార్థములకు సంయుక్త గ్రాంటుతో సంబంధములేని ప్రత్యేక నిధి ప్రతియేటను ఇయ్యవలెను. పగిలిన గాజును సంజాయిషీ లేకుండ పట్టీనుండి కొట్టివేయు నధికారము ప్రధానోపాధ్యాయుని కియ్యవలెను. శాస్త్రోపాధ్యాయులు నెలకొకసారి కూడి తమ చేతులతో ప్రయోగములు చేసికొనుటకు దినము కేటాయింపవలెను. పదవ తరగతి పరీక్షలో కొన్ని మార్కులైనను, విద్యార్థి మాత్రల యట్టలో చుక్కలు కలిపి తాను చూచినదానిని తన మాటలలో వ్రాసినందుకు ఇయ్యవలెను. ఒకరికొక తెలియని ద్రావణమిచ్చిన నకలు చీటీలు వాటంతట అవే పోవును.

ప్రభుత్వముతోనే సరిపుచ్చుకొనరాదు. పాఠక మహాశయులారా! పై యాదివారము మీ యూరి పాఠశాల పెద్దను కలసికొని వినయముగా నొక్కటే యడుగుడు: 'అయ్యా, ఈ యేడు ఆ బీరువా యెన్నిసార్లు తెఱచితిరి?' జవాబు వినుడు, కోపింపకుడు. పగిలిన గాజు ఖర్చు మేమిత్తుమని చెప్పుడు. మీ పఠనమందిరమున ఒక మూల నొక పెట్టె యుంచుడు. పసుపు, సున్నము, నిమ్మకాయ, నవాసారము, పటిక, నాలుగు చుక్కగొట్టములు చాలును. పత్రికలు చదువవచ్చిన పెద్దలతోపాటు ప్రశ్నలు వేయవచ్చిన పిల్లలకును అచ్చట బల్ల యుండవలెను.

చూడక నమ్ముటకు అలవాటుపడిన బాలుడు పెద్దవాడై వోటు వేయునప్పుడును చూడక నమ్మును. పటము కట్టిన స్వామిని నమ్మును. సర్వరోగనివారిణి యని అమ్మిన సీసాను నమ్మును. వేదికమీద బిగ్గరగా నఱచినవానిని నమ్మును. ఒక్క చుక్కతో రంగు మాఱుటను తన కంటితో చూచిన బాలుడు, 'చూపుము' అని యడుగ నేర్చును. ఆ యొక్క మాట నేర్చిన ప్రజను మోసగించుట కష్టము.

బీరువా మనది. పిల్లలు మనవారు. తాళము తీయుడు.